మూడుసార్లు పడిపోయిన గొంతు

"నేను చెయ్యలేదండీ. చెయ్యలేదు మొర్రో అంటే ఒక్కరూ నమ్మట్లేదు. ఆఖరికి నాకే నా మీద అనుమానం వచ్చేస్తోంది!"

ఉదయం తొమ్మిదిన్నరకి, ఆఫీసు తలుపు పూర్తిగా తెరవకముందే లోపలికి దూసుకొచ్చిన అమ్మాయి అన్న మొదటి మాటలివి. ముప్ఫై ఏళ్ళుంటాయి. మెడలో పెద్ద హెడ్‌ఫోన్లు వేలాడుతున్నాయి. వాటిని తీయడం మర్చిపోయి బస్సెక్కేసినట్టుంది, వైరు కొస నేలమీద ఈడ్చుకుంటూ వస్తోంది. రాత్రంతా నిద్ర లేదని కళ్ళే చెబుతున్నాయి.

టీచరుగారు కుర్చీ చూపించారు. ముప్ఫై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పి, రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక ఈ డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన మనిషి ఆవిడ. కాపీ కొట్టినవాళ్ళని సరైన జవాబులో కాదు, తప్పులో వెతకాలన్నది ఆవిడ పద్ధతి. ఒప్పు అందరికీ ఒకేలా వస్తుందట, తప్పు మాత్రం ఎవరి దస్తూరీ వాళ్ళదేనట. ఈ మాట మొదటిసారి విన్న రోజే గుమాస్తా ఆవిడకి భక్తుడైపోయాడు. యాభై దాటిన మనిషి, ప్లీడరు దగ్గర ఇరవై ఏళ్ళ కొలువు వదిలేసి మరీ వచ్చి చేరాడు. ఆవిడ తుమ్మినా నోటుబుక్కులో టైము వేసి రాసుకుంటాడు.

"ఏం చెయ్యలేదో ముందది చెప్పమ్మా," అన్నారు టీచరుగారు.

అమ్మాయి సౌండ్ ఇంజనీరు. పాడేది ఆమె అక్క. స్టూడియో బావది. ఒక పాటల కంపెనీ అక్కతో పాట పాడించింది. రికార్డింగ్ అయిపోయింది. గొంతునీ వాయిద్యాలనీ సమపాళ్ళలో కలిపి కంపెనీకి పంపడం చెల్లెలి పని. సోమవారం పంపింది. మంగళవారం కంపెనీ మేనేజరు ఫోన్ చేశాడు. మూడో చరణం చివర గొంతు మాయమవుతోంది, ఏమిటిదీ అని. చూస్తే నిజమే. అక్కడ 'ఇంకా' అన్న మాట దగ్గర అక్క గొంతు బావిలోకి దిగిపోయినట్టు దిగిపోయి, నాలుగు సెకన్ల తర్వాత మళ్ళీ పైకొస్తోంది. చెల్లెలు సరిచేసి బుధవారం మళ్ళీ పంపింది. మళ్ళీ అదే చోట పడిపోయింది. కంప్యూటర్లో సాఫ్ట్‌వేరంతా పీకేసి కొత్తగా ఎక్కించి, మళ్ళీ సరిచేసి, నిన్న పంపింది.

"మళ్ళీనా?" అన్నాడు గుమాస్తా ఆత్రంగా.

"మళ్ళీనే!" అమ్మాయి బల్ల మీద గుద్దింది. "ఆ మేనేజరు ఇవాళ సాయంత్రం నాలుగింటి దాకా టైమిచ్చాడు. సరైన పాట రాకపోతే వేరే గొంతుతో పాడించుకుంటాడట. ఏడాదిన్నర తర్వాత అక్కకొచ్చిన మొదటి పాటండీ ఇది. అక్కేమో నేనే ఓర్వలేక తగ్గిస్తున్నానంటోంది. ఇవాళ పాట పోతే స్టూడియో గడపే కాదు, ఇంటి గడప కూడా తొక్కనివ్వనంది. మా అక్కేనండీ... చిన్నప్పుడు నాకు జడలు వేసింది తనే."

టీచరుగారికి సంగీతమంటే ఒళ్ళుమంట. పాటలో ఏది గొంతో ఏది గోలో ఆవిడకి ఒక పట్టాన తెలియదు. అయినా లేచి చేతిసంచీ అందుకున్నారు.

స్టూడియో ఒక మేడ మీద రెండు గదులు. ఒకటి పాడేది, రెండోది కలిపేది, మధ్యలో మందపాటి అద్దం. రెండో గదిలో పొడవాటి బల్ల లాంటి కన్సోల్, దాని మీద వరసగా పైకీ కిందకీ జరిగే ఫేడర్లు, ఎదురుగా తెర. ఒక్కో గొంతుకీ ఒక్కో వాయిద్యానికీ ఒక్కో ఫేడర్.

చెల్లెలు పాట పెట్టింది. పాట నడుస్తుంటే ఎవరూ ముట్టుకోకుండానే ఫేడర్లు వాటంతటవే అటూ ఇటూ కదలడం మొదలెట్టాయి. గుమాస్తా రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇదేం దయ్యాల కొంపండీ బాబూ!"

"లోపల చిన్న మోటార్లుంటాయండీ," అంది చెల్లెలు. "పాట నడుస్తుండగా నేను ఫేడర్ని కదిలిస్తే ఆ కదలిక కూడా రికార్డవుతుంది. ఆటోమేషన్ అంటాం. తర్వాత పాట పెట్టినప్పుడల్లా ఫేడర్ అలాగే కదులుతుంది."

మూడో చరణం వచ్చింది. గొంతు ఫేడర్ జర్రున కిందికి దిగింది, అక్క గొంతు మాయమైంది, ఫేడర్ మళ్ళీ టక్కున పైకెక్కింది. టీచరుగారు మళ్ళీ పెట్టమన్నారు. మళ్ళీ. మళ్ళీ. ఇరవయ్యోసారికి గుమాస్తా తల పట్టుకున్నాడు. ముప్ఫయ్యోసారికి ఎవరి మొహం ఎవరూ చూసుకోవడం లేదు. అదే చరణం, అదే మాట, అదే పడిపోవడం. వినీ వినీ చెవులు మొద్దుబారాయే తప్ప ఒక్క ముక్క తెలిసిందిలేదు. ఇంతలో మేనేజరు ఫోన్. ఏమైందని. ఏమవుతుంది, ఏమీ కాలేదు!

"వినడం ఆపండి," అన్నారు టీచరుగారు విసుగ్గా. "నా చెవులు ఎందుకూ పనికిరావు. కళ్ళకి కనిపించేది ఏదైనా ఉంటే చూపించు."

చెల్లెలు తెర మీద గొంతు తాలూకు గీతని పెద్దది చేసింది. దిగే చోట గీత వంకర టింకరగా ఉంది. దగ్గరికెళ్ళి చూస్తే గీత కాదు, సన్నటి చుక్కలు, చీమలబారులాగా. ఎక్కే చోట మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు నిట్టనిలువుగా ఉంది.

"మౌస్‌తో గీస్తే ఎలా వస్తుంది?"

"మూడు నాలుగు చుక్కలు, మధ్యలో తిన్నటి గీతలండీ. ఇది చేత్తో ఫేడర్ లాగిందే. అదే నా కొంప ముంచింది. ఇక్కడ ఫేడర్ పట్టుకునేది నేనొక్కదాన్నే కదా అంటున్నారు."

"సాఫ్ట్‌వేరు దయ్యం కాదన్నమాట. మనిషి చెయ్యి." టీచరుగారి కళ్ళలో మొదటిసారి వెలుగు కనబడింది. "దిగడం చేత్తో దిగింది, ఎక్కడం చేత్తో ఎక్కలేదు. అదెలా?"

"చెయ్యి వదిలేస్తే ఫేడర్ దానంతటదే పాత చోటికి పోతుందండీ. దీనికి రెండు పద్ధతులున్నాయి. రీడ్‌లో ఉంటే, పట్టుకున్నంతసేపే శబ్దం మారుతుంది. వదిలితే వెనక్కి పోతుంది, ఏమీ మిగలదు. టచ్‌లో ఉన్నా పట్టుకుంటే మారుతుంది, వదిలితే వెనక్కే పోతుంది. కానీ పట్టుకున్నంతసేపు జరిగిందంతా రికార్డయి ఉండిపోతుంది."

"చూసేవాళ్ళకి రెంటికీ తేడా?"

"ఏం ఉండదండీ. తెర మూల చిన్న అక్షరాలుంటాయి, అంతే."

"ఇప్పుడు ఎందులో ఉంది?"

చెల్లెలు తెర మూలకి చూసి నాలిక కరుచుకుంది. "టచ్‌లో. పొద్దస్తమానం మార్చుకోలేక ఈ పాట మొదలెట్టినప్పట్నుంచీ అలాగే వదిలేశాను."

"బళ్ళో అయితే గోడకుర్చీ వేయించేదాన్ని," అన్నారు టీచరుగారు. "సరే. పాడవకముందు దాచిన కాపీ ఏమైనా ఉందా?"

ఉంది. ఆ కాపీలో అదే చోట గీత దిగలేదు సరికదా, 'ఇంకా' దగ్గర కాస్త పైకి లేచింది. చిన్న గట్టులాగా. పాట పెడితే అక్క గొంతు ఆ మాట మీద సన్నగా వణికింది. టీచరుగారి చెవులకి కూడా అందింది.

"ఇక్కడ పెంచింది నువ్వేనా?"

"నేనే." చెల్లెలు తల దించుకుంది.

"రాసుకోండి," అన్నారు టీచరుగారు. గుమాస్తా అప్పటికే రాసేశాడు. చెడిపోయిన గీతనీ మంచి గీతనీ ఒకదాని మీద ఒకటి పెట్టించి, చేత్తో లాగిన గీత ఆ వణుకు కంటే అర సెకను ముందే దిగడం మొదలెట్టిందని కూడా రాసుకోమన్నారు.

"మూడుసార్లూ నువ్వు పని ముగించాక, పంపేలోగా ఈ గదిలోకి ఎవరొచ్చారు?"

"బావ వస్తాడు, ఏసీ ఆపడానికి. కోరస్ పాడే అమ్మాయి వస్తుంది, తన సంచి ఇక్కడే పెడుతుంది. అక్క ఒక్కతే కూర్చుని పాట మొత్తం వింటుంది. అది మాకు మొదట్నుంచీ అలవాటు. తను విని సరే అన్నాకే పంపుతాను."

"తను విన్నాక నువ్వు మళ్ళీ వినవా?"

"అప్పటికే వందసార్లు విని ఉంటానండీ! చెవులు చచ్చిపోయుంటాయి. బటన్ నొక్కి పంపేస్తాను."

టీచరుగారు అందరినీ ఒక్కొక్కరినే పక్కగదిలోకి పిలిచారు. ముందు బావ. భారీ మనిషి, మాటకి ముందు నిట్టూరుస్తాడు.

"మా మరదల్ని నేనెందుకు ఇరికిస్తానండీ? పెళ్ళికి కట్నం లేదుగానీ ఈవిడ మాత్రం కొసరుగా వచ్చింది. పదేళ్ళుగా ఈవిడ అరుపులు పడుతున్నాను."

"బయటినుంచి కొత్త ఇంజనీరుని తెద్దామన్నారట?"

"అన్నాను. ఈవిడకి అప్పగిస్తే ఆరు రోజుల పని అరవై రోజులవుతుంది. అన్నంతమాత్రాన పెళ్ళాం పాట చెడగొట్టుకుంటానా? ఆ బల్ల మీద ఏ మీట ఏదో నాకు ఇప్పటికీ తెలీదు. నాకు తెలిసిందల్లా ఏసీ స్విచ్చి."

తర్వాత కోరస్ అమ్మాయి. నిద్రలో కూడా కూనిరాగం తీస్తుందని అందరూ ఆమెని శ్రుతిపెట్టె అంటారు. వస్తూనే నిప్పులు చెరిగింది.

"ఆ గొంతు పోతే నాకు ఛాన్సొస్తుందనే కదా మీ అనుమానం? నాకు పాడాలనుంటే మొహం మీదే అడుగుతాను. అడిగాను కూడా! అక్కే ఒప్పుకోలేదు. ఆవిడ గొంతు తగ్గించే ఖర్మ నాకేంటి? నా కోరస్సే ఎవరికీ వినబడక నేను ఏడుస్తుంటే!"

చివరికి అక్క. చేతిలో వేణ్ణీళ్ళ ఫ్లాస్కు. ఎంత కోపంగా ఉన్నా గొంతు మాత్రం పెంచలేదు. ప్రతి మాటా కొలిచి వదులుతోంది.

"చెల్లెలని చూడకుండా మాట్లాడుతోందని మీరనుకోవచ్చు. కానీ చెప్పండి, ఇంకెవరు చేస్తారు? ఆ యంత్రం దానికి తప్ప ఎవరికీ లొంగదు."

"మీరు రోజూ వింటారు కదా."

"వింటాను. నాకు తెలిసినవి రెండే, పాట పెట్టడం, ఆపడం. ఒకప్పుడు భయపడి దగ్గరికే వెళ్ళేదాన్ని కాదు. ఏం ముట్టుకున్నా పాటకేం కాదక్కా, వదిలేస్తే అదే వెనక్కిపోతుంది అని మా చెల్లెలే చెప్పింది."

"పాట మీకు నచ్చిందా?"

"నచ్చడానికేముంది," అంది అక్క, ఫ్లాస్కు మూత బిగిస్తూ.

మధ్యాహ్నం రెండయింది. మేనేజరు నాలుగోసారి ఫోన్ చేశాడు. గుమాస్తా నీరుగారిపోయాడు. "అందరూ కాదనేవాళ్ళే! ముగ్గురూ గదిలోకి వెళ్ళారు, బావకీ ఆ కోరస్ అమ్మాయికీ కారణాలు కూడా ఉన్నాయి. ఎలా పట్టుకుంటామండీ?"

"పరీక్ష పెడదాం," అన్నారు టీచరుగారు.

చెల్లెలు పాటని సరిచేసింది. ఫేడర్లు టచ్‌లోనే ఉన్నాయి. తర్వాత నలుగురినీ ఒకరి తర్వాత ఒకరిని గదిలోకి పంపారు. మూడో చరణం ఒంటరిగా విని, ఎక్కడ బాగాలేదో కాగితం మీద రాయాలి. అంతే. ఒక్కొక్కరూ బయటికి రాగానే గుమాస్తా లోపలికెళ్ళి, చెల్లెలు నేర్పినట్టు, ఆ గీతని వేరేగా దాచి, పాటని మళ్ళీ మొదటికి తెచ్చేవాడు. చెమటలు పట్టాయి పాపం. ఒకసారి ఏదో నొక్కితే తెరంతా నల్లబడి, గుండాగినంత పనైంది.

మూడుంబావుకి అందరినీ కన్సోల్ గదిలో కూర్చోబెట్టారు. బావ గోడకి చేరబడ్డాడు. శ్రుతిపెట్టె గోళ్ళు కొరుక్కుంటోంది. అక్క ఒక మూల, చెల్లెలు మరో మూల.

"నాకు సంగీతం రాదు," అని మొదలుపెట్టారు టీచరుగారు. "అందుకే మీ పాటని లెక్కల పేపరులాగా దిద్దాను. ఇందాక మీరు రాసిచ్చిన కాగితాలు నాకక్కర్లేదు, చించేశాను. మీరు వింటుండగా మీ చేతులేం చేశాయో అది కావాలి నాకు. ఈ బల్ల దాన్ని రాసుకుంది."

శ్రుతిపెట్టె గోళ్ళు కొరకడం ఆపేసింది.

"మొదట బావగారు. మీ గీతలో ఒక్క చుక్క కూడా కదల్లేదు. పాట నడుస్తుంటే ఫోన్ చూసుకున్నట్టున్నారు."

"క్రికెట్," అన్నాడు బావ సిగ్గుపడుతూ.

"ఈ అమ్మాయి కోరస్ ఫేడర్ని మూడుసార్లు పైకి తోసింది."

"అది... ఊరికే, ఎలా ఉంటుందో చూద్దామని!"

"చూడమ్మా, తప్పులేదు. కానీ అక్క గొంతు జోలికి వెళ్ళలేదు. ఇక ఇంజనీరుగారు. ఈ పరీక్ష సంగతి ఆమెకి ముందే తెలుసు కాబట్టి ఇవాళ్టి గీతని లెక్కలోకి తీసుకోను. వారం కిందటి గీత తీసుకుంటాను, తన పని ఎవరైనా చూస్తారని తెలియనప్పటిది. 'ఇంకా' అన్న మాట దగ్గర ఆ చెయ్యి గొంతుని పైకి పెంచింది. పెంచిన చెయ్యే దాన్ని ముంచుతుందా?"

అక్క తలెత్తి చెల్లెలి వైపు చూసింది.

"చెడగొట్టిన గీత మాటకొద్దాం. ఎవరైనా తప్పు విని ఫేడర్ తగ్గిస్తే, విన్నాకే కదా చెయ్యి కదలాలి? ఇక్కడ చెయ్యి అర సెకను ముందే కదిలింది. రాబోయేదేమిటో ఆ చేతికి ముందే తెలుసు. ఆ మాట వినడం దానికి ఇష్టం లేదు. నాలుగు సెకన్లు గడవగానే వదిలేసింది. ఫేడర్ బుద్ధిగా పాత చోటికి వెళ్ళిపోయింది. వెళ్ళిపోయింది కదా అని ఆ మనిషి నిశ్చింతగా పాటని సరేనంది. ఏం ముట్టుకున్నా పాటకేం కాదని ఆమెకి ఎవరో చెప్పారు. చెప్పినప్పుడు ఈ బల్ల రీడ్‌లో ఉండేది, ఈ పాటకి మాత్రం టచ్‌లో ఉంది."

టీచరుగారు సైగ చేస్తే గుమాస్తా చివరి గీతని తెర మీదికి తెచ్చాడు. వంకర టింకరగా దిగిన చీమలబారు. నిన్నటి గీతని దాని మీద పెట్టాడు. రెండూ ఒకే దస్తూరీ.

"ఇది ఇవాళ రెండున్నరకి రాసింది," అన్నారు టీచరుగారు. "మీదేనమ్మా."

అక్క తన కుడిచేతిని చూసుకుంది. "నేను... లేదే. నేను వినడమే విన్నాను. చెయ్యి..." తెర మీది గీత వైపు చూసింది. "చెయ్యి దానంతటదే వెళ్తుంది. ఆ వణుకు వినలేను. విన్నప్పుడల్లా ఒళ్ళు చచ్చిపోతుంది. కాసేపు తగ్గించుకుంటే ఏం పోయిందనుకున్నాను. వినేటప్పుడే తగ్గుతుందనుకున్నాను."

"ఆ వణుకు ఎప్పట్నుంచి?"

చెప్పింది బావ. "ఏడాదిన్నర కిందట గొంతుకి ఆపరేషనయిందండీ. కంపెనీకి చెప్పలేదు. చెబితే పాట ఇవ్వరని భయం."

"మూడు రోజులు!" చెల్లెలు ఒక్కసారి విరుచుకుపడింది. "మూడు రోజులు నన్ను దొంగనన్నావక్కా! నేను సాఫ్ట్‌వేరు పీకి మళ్ళీ ఎక్కించాను, తిండి మానేశాను. అసలు నన్నో మాట అడిగావా? అక్కడ నీ గొంతు నీకు నచ్చలేదని నాకొక్కసారైనా చెప్పావా?"

"నువ్వెందుకు పెంచావే అక్కడ?" అక్క గొంతు మొదటిసారి లేచి, లేచినచోటే వణికింది. "నా గొంతు విరిగిపోయిన చోటు అది. లోకానికంతా వినబడాలనా?"

"పాట మొత్తంలో నాకు ఏడుపొచ్చిన చోటు అదొక్కటే! మిగతాదంతా జాగ్రత్తగా పాడావు. అక్కడొక్కచోటే పాడావు. అందుకే పెంచాను!"

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. మేనేజరు. చెల్లెలు తీయబోతే అక్క లాక్కుంది.

"తప్పు మా చెల్లెలిది కాదండీ, నాదే. ఆ చోట గొంతు తగ్గించింది నేనే. నాకు గొంతు ఆపరేషనయింది, మీకు చెప్పలేదు. ఆ మాట దగ్గర వణుకుతుంది. మళ్ళీ పాడినా వణుకుతుంది. ఉన్నదున్నట్టు ఇప్పుడే పంపుతున్నాం. నచ్చకపోతే వేరేవాళ్ళతో పాడించుకోండి." పెట్టేసింది. పెట్టేసి, కుర్చీలో కూలబడి భోరుమంది.

పాట వెళ్ళింది. బావ ఏసీ ఆపి, మళ్ళీ వేశాడు. గుమాస్తా నోటుబుక్కు తెరిచి ఏమీ రాయకుండానే మూసేశాడు. నాలుగైంది. నాలుగుంబావైంది. ఈ మేనేజరు అక్కర్లేనప్పుడు అరగంటకోసారి ఫోన్ చేసి చంపాడు, కావలసినప్పుడు మాత్రం అజాపజా లేడు!

నాలుగున్నరకి మోగింది. చెల్లెలు స్పీకరు పెట్టింది.

"విన్నామండీ, ఇక్కడ అందరం విన్నాం," అన్నాడతను. "గొంతు మార్చేది లేదు. కానీ చివర ఆ 'ఇంకా' అన్న మాట ఉంది చూశారూ, అది ఇంకొంచెం పెంచగలరా? వాయిద్యాల్లో కలిసిపోతోంది."

శ్రుతిపెట్టె ఫక్కున నవ్వి, నోరు మూసుకుంది. చెల్లెలు కన్సోల్ ముందు కుర్చీ లాగి, అందులో కూర్చోకుండా అక్క వైపు తిప్పింది.

"రా. నువ్వే పెంచు."

"నాకు రాదే."

"మూడుసార్లు వచ్చిందిగా. ఈసారి పైకి."

అక్క కళ్ళు తుడుచుకుని వచ్చి కూర్చుంది. పాట మొదలైంది. మూడో చరణం వచ్చింది. ఫేడర్ మీద వేళ్ళు పెట్టింది. మాట రాకముందే వేళ్ళు బిగుసుకోవడం పక్కనున్న అందరికీ కనబడింది. ఒక్క క్షణం కిందికే పోతాయనిపించింది. తర్వాత మెల్లగా, గడగడా వణుకుతూ, పైకి జరిగాయి. తెర మీద చీమలబారు వంకర టింకరగా ఎక్కుతోంది. గదినిండా ఆ విరిగిన గొంతు.

"నాకింకా నచ్చట్లేదే," అంది అక్క పళ్ళ బిగువున.

"నచ్చక్కర్లేదు," అంది చెల్లెలు, ఆమె చేతి మీద తన చెయ్యి వేసి. "చెయ్యి తియ్యకు."